బాపు పోసిన మందు

బాన్సువాడ, మంగళవారం రాత్రి

కాలేజీ నుంచి వచ్చేసరికి డాబా మీద నా నాచు సీసాలన్నీ తెల్లబడిపోయి ఉన్నాయి. పొద్దున కాస్త పాలిపోయినట్టు కనిపించిందంతే. నాచు నుంచి నూనె తీయడం నా పరిశోధన. ఇనుము నానో రేణువులు కలిపిన మందు నీళ్లు చుక్క పడితే నాచు గబగబా పెరిగి దాంట్లో నూనె బాగా పడుతుంది. ఎక్కువైతే అదే విషం.

బాపు మెట్ల మీదే కూర్చుని ఉన్నాడు. "పాలిపోయిందని నీ మందు పోసిన బిడ్డా. వరి ఎర్రబడితే ఇంకింత యూరియా చల్లుతం గదా."

మందు సీసా ఖాళీ.

కోపం రాలేదు. ఆ నాచు మా మడి నీళ్లలోంచి ఏరి పెంచుకున్నది. మడి రోడ్డు కింద పోయింది. అప్పటి నుంచి ఆయన చూసుకోవడానికి మిగిలిన పైరు ఈ సీసాలే. రోజూ పైకొచ్చి కాసేపు చూసి వెళ్లేవాడు. నాకేమో పరిశోధన… ఇంక దాని సంగతి ఆలోచించలేను.

అన్నం తినకుండానే వెళ్లి ఒక సీసా నిండా కాలువ నీళ్లు తెచ్చాడు. "ఎండల పెడితే మల్ల పచ్చగైతది. ఈసారి నువ్వు చెప్పినంతనే పోస్త."

పచ్చబడుతుంది, నిజమే. కానీ అది కాలువ నాచు, మా మడిది కాదు. ఆ సీసా అందుకుని పొద్దున ఎండ పడే చోట పెట్టాను.