మూతపడింది ఏ బాయి?

గుండ్లవాగు గ్రామం,
కరీంనగర్ జిల్లా.
తేది: 11-3-2009

మండల వ్యవసాయ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నా పొలంలో ఉన్న బావిని లేదని రాసినందున, తిరిగి ఉన్నట్లు రాయించుట గురించి.

లింగమూర్తి కుమారుడు గట్టయ్య అను నేను పూర్వం బొగ్గుగనిలో పనిచేసి, అది మూతపడినందున ప్రస్తుతం సేద్యం చేసుకొనుచున్నాను.

1. నా భూమి కాలువ చివరన ఉన్నది. కాలువ నీరు మా దాకా వచ్చుట అరుదు. వ్యవసాయ బావి మీదనే మిరప పెట్టినాను. నీటి పొదుపు పథకం కింద డ్రిప్పు పైపులకు సబ్సిడీ, మిగతా దానికి బ్యాంకు లోను ఇప్పిస్తామని గ్రామసభలో చెప్పగా దరఖాస్తు చేసుకొంటిని.

2. వివరాలు రాసుకొనుటకు, కోస్తా నుండి తమ ఆఫీసుకు కొత్తగా బదిలీ అయి వచ్చిన పవన్‌కుమార్ గారు మా ఇంటికి వచ్చినారు. నేను లేను. నా భార్య మల్లక్క ఉన్నది. జరిగిన మాటలు ఆమె చెప్పినట్లే రాయుచున్నాను.

"మీ ఆయనకు బావి ఉందామ్మా?"

"ఉండె సారు. మూసిండ్రు."

"ఎందుకు మూసేశారు?"

"నీళ్లు బాగ ఊరుతున్నయని."

"నీళ్లు ఊరితే బావి మూసేస్తారా?"

"మూయరా మరి? లోపట మనుషులు మునుగరా?"

ఆయన ఇంకేమీ అడగక రాసుకొని పోయినారు. మా దిక్కు బొగ్గుగనిని బాయి అంటారు. బాయికి పోయిండంటే డ్యూటీకి పోయినట్లు. పొలంలోది కూడా బాయే. మా పొలం బావి ఇంటి వాకిట్లోంచి కనిపించును. ఆయన తల తిప్పలేదు.

3. "బావి మూతపడినది" అని దరఖాస్తు తిరిగివచ్చినది. బ్యాంకు మేనేజరు గారు, "కాగితంలో మూసిన బావికి లోను ఎట్లియ్యాలయ్యా?" అన్నారు. "ఒచ్చి సూడుండ్రి సారు, బక్కెట తోడి సూపిస్త" అంటే నవ్వినారు.

4. ఇంతవరకు పొరపాటే అనుకొంటిని. కానీ ఓపెన్‌కాస్టు గని కొరకు మా దిక్కు భూములు తీసుకొంటారని వినికిడి. బావి ఉంటే నీరు పారే తరి భూమి, లేకుంటే మెట్ట. మెట్టకు పరిహారం తక్కువ. నా పొరుగు రైతు కొమురెల్లి బావి కూడా లేదని రాసినారు. అతను జన్మలో బొగ్గుబాయి దిగినవాడు కాదు. అతని ఇంట్లో ఏ మాట తప్పు విన్నారో తెలియదు.

నేను ఎవరినీ అనుట లేదు. అడుగుచున్నాను.

కావున తాము స్వయంగా వచ్చి, బావిలోకి తొంగి చూసి, ఉన్నది ఉన్నట్లు రాయించగలరు. పైపులు ఆలస్యమైనా ఓర్చుకొందును. బావి మాత్రం ముందు కాగితం మీదికి రావలెను.

బావిని చూసిన మీదట ఈ అర్జీ చిత్తగించవలెను.

తమ విధేయుడు,
గట్టయ్య,
బావి కలిగిన రైతు.

తా.క.: ఈ అర్జీ మడిచే లోపల కొందరు వచ్చి మా పొలంలో సున్నంతో గీత పోసినారు. ఎవరు పంపినారని అడిగితే, "మాకేం ఎరుక, కాకా, పొయ్యమన్నరు, పోసినం" అన్నారు. గీత తిన్నగా వచ్చి, బావి దగ్గర వంగి, దాని చుట్టూ తిరిగి పోయినది. "లేని బాయికి సుట్టు ఎందుకు తిరిగిండ్రు?" అని మల్లక్క అడుగుతున్నది. జవాబు తమకు తెలిసి ఉండవచ్చును.