తడి వేలు

10 సెప్టెంబరు 1989, ఆదివారం

నా తెలుగు పేలవమైనది, మన్నించవలెను. పగలు రైసుమిల్లులో బస్తాలు మోస్తూ, తెనాలి నైట్ స్కూల్లో నేర్చుకున్నది. అయినప్పటికీ ఈనాడు నేను కర్లపాలెం అవతల ఒక హైస్కూలుకు లైబ్రేరియన్‌ను.

లైబ్రరీ బడిపిల్లలకే పరిమితం కారాదని నా అభిప్రాయం. ఆరాధన ముగిశాక మా పేటవాళ్ళకు చదవడం నేర్పుతున్నాను. మొదటి నియమం: వేలు నాలుకతో తడిపి పేజీ తిప్పరాదు. పేజీ రానంటే కాళ్ళు పట్టుకోమంటారా అన్నయ్యగారూ అని వరమ్మ అడిగింది. అందరూ నవ్వారు. భర్త పోయాక ఆమె నోట హాస్యం వినడం ఇదే ప్రథమం.

ఆమె భర్త దేవదానం కిందటి నెల ఆసామి జగన్నాథరావు వరిచేలో దోమకు పురుగుమందు కొడుతూ నురగలు కక్కి చనిపోయాడు. మందు కొట్టి చచ్చాడండి అని ఆసామి చెప్పాడు. ఎస్.ఐ. పూర్ణచంద్రరావు నవ్వి, తాగి చచ్చాడని రాసుకున్నాడు. దేవదానం చుక్క ముట్టనివాడు.

17 సెప్టెంబరు

వరమ్మ ఆ మందు డబ్బా తెచ్చింది. లేబుల్ మీద ఎర్ర త్రికోణం, పుర్రె. చిన్న అక్షరాలకు స్కూలు భూతద్దం ఇచ్చాను. వట్టి చేతులతో కలపరాదు అని కూడబలుక్కుని చదివింది. మళ్ళీ చదివింది. డబ్బాను గోడకేసి కొట్టింది.

ఆమె తమ్ముడు అంద్రెయ రేపు అదే చేలో మందు కొట్టవలసి ఉంది. ఇక నేను కొట్టనండి అన్నాడు.

18 సెప్టెంబరు

ఎవరూ పనిలోకి వెళ్ళలేదు.

22 సెప్టెంబరు, బాపట్ల ఆసుపత్రి

ఎడమచేత్తో రాస్తున్నాను.

మంగళవారం జగన్నాథరావు మనుషులతో లైబ్రరీలోకి వచ్చాడు. ఏంటయ్యా బర్నబాసూ, పిల్లకాయలకి కథలు చెప్పుకోక కూలోళ్ళకి డబ్బాలు చదివిపెడతన్నావంట అన్నాడు. లైబ్రరీలో గొంతు తగ్గించండి అన్నాను. ఇనుప స్టూలుతో నా కుడిచేయి విరగ్గొట్టారు. ఎముక చప్పుడు విన్నాను. బీరువా తెరిచి పుస్తకాల మీద తాము తెచ్చిన మందు డబ్బా కుమ్మరించారు. పుస్తకాల పురుగులకి మందు కొడతన్నాంరా అని నవ్వుతూ, ఆ తడి పేజీల్లో నా ముఖం అదిమారు.

తరువాత అంద్రెయను తన్ని, స్ప్రేయర్ వీపుకు తాడుతో కట్టి, గాలికి ఎదురుగా చేలో నడిపించారు. పడితే కర్రలతో లేపారు. ఇప్పుడు నా పక్క మంచంలో ఉన్నాడు. నురగ.

వరమ్మ ఈ డైరీని ఆ బీరువాలోంచే గుడ్డలో చుట్టి తెచ్చింది. అంచులన్నీ మందు వాసన.

23 సెప్టెంబరు

అంద్రెయ పోయాడు.

24 సెప్టెంబరు, ఆదివారం

ఎస్.ఐ. వచ్చాడు. వేలు నాలుకతో తడుపుకుని తన నోటుబుక్కు తిప్పాడు. వీడూ మందు కొట్టాడా అన్నాడు. కొట్టించారు అన్నాను. ఏదో రాసుకున్నాడు. వరమ్మ తొంగిచూసి, తాగి అని రాశారేంటండి అంది. ఓహో, నీకూ చదువొచ్చిందే అంటూ చెంప పగలగొట్టాడు. ఆమె నోట్లోంచి నెత్తురు నా దుప్పటి మీద పడింది.

వెళ్తూ, నీ దగ్గర రాతలో ఏమన్నా ఉందేంటయ్యా, ఉంటే పంపు అన్నాడు. ఉన్నది అన్నాను.

25 సెప్టెంబరు

ఈ డైరీని ముందు వరమ్మ చదవాలి, పొడి చేత్తో. చదివాక సబ్బుతో కడుక్కోవాలి. తరువాత పూర్ణచంద్రరావుగారికి అందజేయాలి. మొదటి నియమం ఆయనకు చెప్పడం, చెప్పకపోవడం వరమ్మ ఇష్టం.