తొమ్మిదో చార గుడ్డు

లా గ్రీవ్, కాలువ గట్టు,
1956 ఏప్రిల్ 18, బుధవారం.

జిల్లా ఆహార తనిఖీ అధికారి గారి సముఖమునకు, లా గ్రీవ్ కాపురస్థుడు ఒనెసీమ్ గబోరి, తండ్రి కీ.శే. అనతోల్ గబోరి, వయస్సు యాభై ఎనిమిది, వృత్తి కోళ్ళ పెంపకం, వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: కోడి తానుగా వేసుకున్న రంగును నేను వేసినట్లు భావించి జారీ చేసిన జప్తు ఉత్తరువును రద్దు చేయుట గురించి.

తమ కార్యాలయము నుండి వచ్చిన ఉత్తరువు మొన్న సోమవారం నాకు అందినది. దానిని నాలుగు పర్యాయములు చదివితిని. నాకు అర్థమైనంతవరకు జవాబు ఈ దిగువ వరుస సంఖ్యలలో మనవి చేసుకొనుచున్నాను.

1. నేను పై చిరునామాలోనే పుట్టి, అక్కడనే కోళ్ళను పెంచుచున్నాను. మావి మరాన్ కోళ్ళు. నల్లటి ఒళ్ళు, మెడ చుట్టూ రాగి ఛాయ, కాళ్ళకు పలచగా ఈకలు. గుడ్డు కాఫీ గింజ రంగులో ఉంటుంది. మా ఇంటి గోడకు ఒక చెక్క వేలాడుచున్నది. దానిమీద మా నాన్నగారు తొమ్మిది చారలు పూసినారు. ఒకటోది పలచన, తొమ్మిదోది దాదాపు నలుపు. పెట్టిన ప్రతి గుడ్డునూ ఆ చెక్కకు ఆనించి చూస్తాము. నాలుగో చారకు తీసికట్టు గుడ్డు పెట్టిన పెట్ట ఆదివారం కూరలోకి పోవును. మా నాన్నగారి కాలం నుండి నేటి వరకు ఈ నియమమునకు ఒక్క మినహాయింపు కూడా లేదని ఘంటాపథముగా చెప్పగలను.

2. ఈ నెల 10వ తేదీ మంగళవారం నాటి సంతలో నా భార్య యులాలీ రెండు డజన్ల గుడ్లతో కూర్చుని ఉన్నది. నేను పక్కనే గాడిదకు మేత వేయుచుంటిని. తమ ఇన్‌స్పెక్టరు బెర్తొలే గారు వచ్చి, ఒక గుడ్డును చేతికి తీసుకుని, జేబురుమాలు మీద ఉమ్మి వేసి దానిని గట్టిగా రుద్దినారు. రుమాలుకు గోధుమ రంగు అంటినది. అటుపిమ్మట జరిగిన సంభాషణను ఉన్నది ఉన్నట్లు వ్రాయుచున్నాను.

“ఏంటమ్మా ఇది?”

“గుడ్డండి.”

“గుడ్డని నాకూ తెలుసు. ఈ రంగేంటి?”

“దాని రంగేనండి. పొద్దున బయల్దేరేముందు పెట్టిన గుడ్డు సార్ అది. పచ్చిమీద తడిగుడ్డతో అట్టా తోమితే ఊడొస్తది. ఓ రెండ్రోజులు ఆరనిచ్చి రుద్దండి, అంత తేలిగ్గా రాదు.”

“అంటే కోడే రంగేసుకుని పెడతదంటావు?”

“నేననేదేముంది సార్, అది చేసే పనే అది.”

పక్కన మేకజున్ను అమ్ముకునే ఫెలిసీ అనే ఆమె ఊరుకోవచ్చును గదా. ఊరుకోలేదు.

“సారూ, ఇటు కూడా ఓసారి రండి! నా జున్ను మరీ తెల్లగా ఉంది, సున్నం కొట్టానేమో రుద్ది చూసి పోండి!”

సంత సంతంతా గొల్లుమన్నది. ఇన్‌స్పెక్టరు గారి చెవులు ఎర్రబడినవి. అప్పటి దాకా జేబులో ఉన్న కలము అప్పుడే బయటికి వచ్చినది. ఆ నవ్వే మా కొంప ముంచినదని నా అభిప్రాయము.

3. ఉత్తరువులో నేను గుడ్లకు కృత్రిమముగా రంగు పూసి ప్రజలను మోసగించితినని వ్రాసినారు. పోనీ, తెలియక వ్రాసినారనుకుందును. కానీ ఆ కిందనే, మోసమునకు ఉపకరించిన సాధనములను ఈ నెల 24వ తేదీ మంగళవారం జప్తు చేసి కసాయివానికి విక్రయించవలెనని ఉన్నది. సాధనములు అనగా ముప్పైనాలుగు పెట్టలు, రెండు కుర్ర పుంజులు, ఇంట్లో ఉన్న గుడ్లన్నియు. అయ్యా, ఒకవేళ రంగు నేనే వేసి ఉంటే సాధనము నా చెయ్యి, లేదా నా కుంచె. కోడి చేసిన తప్పేమి? కోడే రంగు వేసుకున్నదని తమరు ఒప్పుకుంటే మోసమెక్కడిది? ఈ రెంటిలో ఏదో ఒకటే నిజం కావాలి గదా. మా పాదిరీ గారికి ఉత్తరువు చూపించితిని. ఆయన రెండు సార్లు చదివి, కళ్ళద్దాలు తుడుచుకుని, “ఒనెసీమ్, ప్రార్థన చేసుకో నాయనా” అన్నారు.

4. గుడ్డు విషయము. పెంకు మొత్తం తయారైన తరువాత, బయటికి వచ్చే ముందు ఆఖరున కోడి ఈ రంగు పూస్తుంది. కాబట్టి రంగు పైపైననే ఉంటుంది. మా ఇళ్ళలో పుట్టిన ఎవరూ గుడ్డు కడగరు. కొత్తగా కాపురానికి వచ్చిన కోడలు మొదటిరోజు నేర్చుకునేది ఇదే.

5. అసలు సంగతి ఇప్పుడు చెప్పుచున్నాను, ముందే చెప్పవలసినది.

మా పెద్ద పుంజు మార్చి ఆఖరున పోయినది. ముసలితనం తప్ప వేరే జబ్బు లేదు. అది పోయిన వారానికి, అంటే ఏప్రిల్ 6వ తేదీన, దానితో జతకట్టిన పెట్టల ఆఖరి గుడ్లు పంతొమ్మిదింటిని రెండు పెట్టల కింద పొదుగుకు వేసినాము. ఇరవై ఒక్క రోజుల లెక్కన ఈ నెల 27వ తేదీ శుక్రవారం పిల్లలు దిగవలెను. తమ బండి మంగళవారం వచ్చును. మధ్యన మూడు రోజులు. ఆ మూడు రోజుల కోసమే ఈ అర్జీ.

కుర్ర పుంజులు రెండున్నవి గదా అని తమరు అడగవచ్చును. ఒకటి ఆరో చార గుడ్డులోంచి వచ్చినది, రెండోది ఐదో చారది. పుంజు గుడ్డు పెట్టదు. అది వచ్చిన గుడ్డు రంగును బట్టి, దాని కూతుళ్ళు పెట్టే గుడ్లను బట్టి మాత్రమే దాని విలువ తెలుస్తుంది. ఆ పంతొమ్మిదిలో ఏడు గుడ్లు ఎనిమిదో చారవి. ఇతర కోళ్ళ గుడ్డునైతే దీపానికి ఎత్తి పట్టి లోపల ప్రాణముందో లేదో చూడవచ్చును. మావాటిలో ఏమీ కనపడదు. నేను రోజూ పెట్టను కాస్త జరిపి, ఒక్కొక్క గుడ్డును చెవికి ఆనించుకుంటాను. ఇంకా చప్పుడు లేదు. వచ్చే వారానికి వస్తుంది. మంగళవారం నాడు తమ బండిలో ఆ చప్పుడు చేస్తూనే అవి పోతాయేమోనని తలచుకుంటే నాకు అన్నం సయించడం లేదు.

6. సాక్ష్యము. 1925లో, నా పెళ్ళయిన మరుసటి వసంతంలో, మా ఇంట ఒక గుడ్డు దొరికినది. మా నాన్నగారు దానిని చెక్కకు ఆనించగా తొమ్మిదో చారతో అచ్చు గుద్దినట్లు సరిపోయినది. అంతకు మునుపు గానీ ఆ తరువాత గానీ అలా సరిపోయిన గుడ్డు లేదు. ఆయన కంట నీరు పెట్టుకోగా నేను చూచినది అదొక్కసారే. దానిలోంచి వచ్చిన పుంజుకు మేజిస్ట్రేటు అని పేరు పెట్టినారు. తమరు అన్యథా భావించరాదు, నడక అలా ఉండెడిది. అంతకు ముందు మా కోళ్ళు బలహీనపడి డజను గుడ్లకు మూడు పిల్లలు దిగడం గగనమయ్యేది. మేజిస్ట్రేటు రక్తం కలిసిన తరువాత తొమ్మిది, పది దిగినవి. మొన్న పోయిన పుంజు దాని వంశమే. ఆ గుడ్డులో ఏదో మహత్తు ఉన్నదని మా నాన్నగారు పోయేదాకా అనేవారు. నేను ఇప్పటికీ అంటాను.

ఆ పెంకు రెండు చిప్పలనూ దూదిలో పెట్టి ముప్పైఒక్క ఏళ్ళుగా ఆవాల డబ్బాలో దాచి ఉంచితిని. ఆ డబ్బాను ఈ అర్జీతో జతపరచుచున్నాను. తమ పరీక్షశాలలో ఎంత నీటితో కావాలంటే అంత నీటితో రుద్దించండి. నేను రుద్ది చూచితిని. ఇసుమంత రంగు కూడా రాలేదు. మా కోడి రంగు ఎంత సహజమో దానిని బట్టే తమకు తెలియును. పని అయిన తరువాత దయచేసి తిరిగి పంపవలెను, నా దగ్గర ఉన్నది అదొక్కటే.

7. మా ఇంట ఏనాడూ, ఏ గుడ్డుకూ, ఎవరూ రంగు పూయలేదని ప్రమాణపూర్వకముగా తెలియజేయుచున్నాను. నా భార్య యులాలీ కూడా సిలువ మీద చెయ్యి వేసి ఇదే మాట చెప్పును. ఎక్కడికి రమ్మంటే అక్కడికి తీసుకుని వస్తాను.

కావున తమరు ఉత్తరువును రద్దు చేయవలెను. రద్దు కుదరనిచో వాయిదా వేయవలెను. అదీ కుదరనిచో మిగతా ముప్పైరెండు పెట్టలనూ తీసుకుపోయి, పొదుగు మీదున్న ఆ రెంటిని మాత్రం శుక్రవారం దాకా వదిలిపెట్టవలెను. ఈ గట్టు మీద పన్నెండు ఇళ్ళుంటే పది ఇళ్ళవాళ్ళు కంపెనీ తెల్లకోళ్ళు తెచ్చుకున్నారు. అవి మా కోళ్ళకు రెట్టింపు గుడ్లు పెడతాయి. నాకూ లెక్క తెలుసు. అయినా ఇవి పోతే పొద్దున్నే లేచి నేను ఏ తలుపు తీయాలి? ఎవరికి గింజలు చల్లాలి? అయ్యా, ఇది అర్జీలో వ్రాయవలసిన ప్రశ్న కాదని తెలుసు.

ఈ చిన్నవాని మొర పెద్ద మనసుతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఒనెసీమ్ గబోరి

తా.క.

అయ్యా, ఇది మా ఆయన రాస్తున్నది కాదు. నేను యులాలీని. పోస్టులో వెయ్యమని కాగితమూ డబ్బా నా చేతికిచ్చి ఆయన కోళ్ళ దగ్గరికి పోయాడు. కింద కాస్త జాగా ఉంది.

సిలువ మీద నేను చెయ్యి వెయ్యలేను. అందుకే రాస్తున్నాను.

ఈ ఇంటికి కాపురానికి వచ్చినప్పుడు మా అమ్మ నాకో పెట్టనిచ్చింది. పేరు కొకెట్. బుట్టలో పెట్టుకుని ఒళ్ళో పెట్టుకొచ్చాను. ఈ ఇంట్లోకి నాతో వచ్చిన ప్రాణం అదొక్కటే. దాని గుడ్డు రెండో చార. మావయ్య చెక్కకి పెట్టి చూసి, “ఆదివారం, అమ్మాయ్” అన్నారు. అంతే, ఇంకో మాట లేదు. పెట్టను ఎలాగూ కాపాడుకోలేనని తెలిసిపోయింది, దాని పిల్లనైనా దక్కించుకుందామనుకున్నాను. దాని గుడ్లు మూడున్నాయి. మావయ్య చెక్కమీద చారలు పూసిన అక్రోటు తొక్కల కషాయం సీసా అటక మీదే ఉంది. తొమ్మిదో చారకి ఆయన తొమ్మిది పూతలు పూశారని మా ఆయనే చెప్పాడు. నేనూ తొమ్మిది పూతలు లెక్కపెట్టి పూశాను. అదే సీసా, అవే పూతలు, సరిపోక ఏం చేస్తది? రెండిటికి మరకలు మరకలుగా వచ్చింది, అవతల పారేశాను. ఒకటి కుదిరింది.

ఆదివారం కొకెట్‌ని నేనే కోశాను. నేనే వండాను. అందరితో పాటు కూర్చుని తిన్నాను కూడా.

మావయ్య ఆ గుడ్డు పట్టుకుని ఏడుస్తారని నేను అనుకోలేదు. మర్నాడు చెబుదామనుకున్నాను. తర్వాత పిల్ల దిగాక చెబుదామనుకున్నాను. ఈ కోళ్ళకి బలం తెచ్చింది తొమ్మిదో చారా కాదు, మహత్తూ కాదు. మా అమ్మ ఇచ్చిన పలచ రంగు గుడ్ల పెట్ట రక్తం. బయటి రక్తం పడింది, బతికాయి. మళ్ళీ ముదురు రంగు తేవడానికి మా ఆయన ఏళ్ళ తరబడి ఏరుకుంటూ వచ్చాడు. ఆ కష్టం మాత్రం ఆయనదే. ఇప్పుడు బుట్టలో ఉన్న గుడ్ల రంగు నిఖార్సైన కోడి రంగు.

రంగు పూసిన చెయ్యి చెబుతోంది కాబట్టి వినండి. ఆ కషాయం వేలికి అంటితే రెండు వారాలు పోదు. అప్పుడు నా వేళ్ళు బొగ్గులైతే, బీరువాకి పూశానని అబద్ధం చెప్పి, ఆ అబద్ధం నిలబెట్టుకోడానికి బీరువా అంతా నిజంగానే పూశాను. పనిమంతురాలినని మావయ్య మెచ్చుకున్నారు. మీ ఇన్‌స్పెక్టరు గారు మా గుడ్డు రుద్దాక రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆయన వేళ్ళు తెల్లగానే ఉన్నాయి, నేను చూశాను. రుమాలు ఉతికించి చూడండి, మరక పోతుంది. మనిషి పూసిన రంగు గుడ్డుని వదలదు, చేతినీ వదలదు. తడిగుడ్డకి ఊడొచ్చేది కోడి రంగే. తప్పు పట్టాలంటే ముప్పైఒక్క ఏళ్ళ కిందటి దానికి నన్ను పట్టండి, ఎక్కడికి రమ్మన్నా వస్తాను.

డబ్బాలో మా ఆయన చెప్పిన పెంకు లేదు. నేను తీసేశాను. మీ పరీక్షశాల వాళ్ళకి దాన్ని చూడగానే తెలిసిపోతుంది. అందులో ఈ పొద్దున పెట్టిన గుడ్డు ఉంది. మీకు చేరేసరికి ఆరిపోతుంది, అయినా తడిగుడ్డతో గట్టిగా రుద్దితే ఎంతో కొంత ఊడొస్తది. రుద్ది చూసుకోండి, తర్వాత అట్టు పోసుకోండి, బాగుంటుంది.

ఇంకొక్కటే అడుగుతాను. మీరు జవాబు రాసేటప్పుడు, “పెంకు అందినది, పరీక్షించితిమి, రంగు గట్టిగా ఉన్నది, తిరిగి పంపుచున్నాము” అని మీ ఆఫీసు మాటల్లో ఒక్క ముక్క రాయండి. రంగు గట్టిగానే ఉంది, అందులో అబద్ధమేమీ లేదు. ఉత్త డబ్బా పంపినా చాలు. పోస్టు బంట్రోతుకి నేనే ఎదురెళ్ళి అందుకుంటాను. పెంకు నా కుట్టుపని బుట్టలో దూదిలో భద్రంగా ఉంది. ఆయన చూసేలోపు దాన్ని అందులో పెట్టేస్తాను.

మీకు మనసొప్పక మంగళవారం బండి పంపాల్సే వస్తే, పంపండి. ఆ ముక్క మాత్రం తప్పకుండా రాయండి.

యులాలీ