పత్తి ప్రెస్సుకు గట్టి ఎన్‌కోడర్

రఘునాథపల్లి
పరికరాల ఎంపిక అధికారిణి ఫిర్దౌస్ గారికి, భూపాలపల్లి.

అమ్మా,
పత్తి మిల్లు మేనేజరు నిరంజన్ నమస్కరించి విన్నవించునది. ప్రెస్సు షాఫ్టు ఎంత తిరిగిందో లెక్క చెప్పే మీ ఎన్‌కోడర్ మళ్లీ చెడిపోయింది. ఎక్కడ ఆగాలో తెలియక ప్రెస్సు మధ్యలోనే ఆగడంతో గట్టి దిమ్మగా రావాల్సిన పత్తి బేలు పరుపులా మెత్తగా బయటికి వచ్చింది. ఇందుకు ప్రెస్సు నడిపే పోశాలే బాధ్యుడని ప్రాథమికంగా నిర్ధారించాం. ఇంకొక్కటి చెడితే కొలువు నుండి తొలగిస్తామని నోటీసు కూడా ఇచ్చాం. దయచేసి గట్టిది పంపగలరు.
భవదీయుడు,
నిరంజన్

తా.క.: పోశాలు వివరణ: "నేను దాన్ని ముట్టుకోలే సార్. అది పోతే నా కొలువు పోతదని తెల్సినంక ముట్టుకుంటనా?" ఇందులో తర్కం ఉన్నందున మా అనుమానం బలపడింది.

భూపాలపల్లి
నిరంజన్ గారికి నమస్కారం.
దుమ్ముకు, తడికి, అదురుకు, బరువుకు తట్టుకునే ఎన్‌కోడర్లు వేర్వేరు. మీది షాఫ్టుకే తొడిగే రకం. షాఫ్టుతో పాటు దాని డొక్కు కూడా తిరగకుండా సన్నని రేకు ఒకటి పట్టి ఉంచుతుంది. దానిపై అదనపు బరువు పడితే లోపలి బేరింగు అరిగిపోతుంది. అటువంటి బరువేదైనా ఉందా?
ఇట్లు,
ఫిర్దౌస్

తా.క.: పోశాలు స్వభావం గురించి మీరు జతపరచిన పత్రం మా ఎంపిక పట్టికలో ఏ గడిలోనూ ఇమడలేదు.

రఘునాథపల్లి
గౌరవనీయులైన ఫిర్దౌస్ గారికి,
బరువేదీ లేదు. స్వయంగా తనిఖీ చేశాను. తనిఖీ సక్రమంగా సాగాలని అక్కడున్నవన్నీ ముందే తీయించాను.
విధేయుడు,
నిరంజన్

తా.క.: తనిఖీ ముగియగానే అన్నింటినీ యథాస్థానంలో పెట్టించాం. మా క్రమశిక్షణలో లోపం లేదు.

భూపాలపల్లి
నిరంజన్ గారూ,
జోడు బేరింగులతో, దుమ్ము చొరకుండా మూసిన ఎన్‌కోడర్ పంపుతున్నాను. మా దగ్గర ఇంతకంటే గట్టిది లేదు. తీయించినవేమిటో దయచేసి తెలపండి.
ఫిర్దౌస్

రఘునాథపల్లి
అమ్మా,
మీ ఎంపిక ప్రశంసనీయం. పాత ఎన్‌కోడర్ కొద్దిపాటి సద్ది సంచులకే వంగిపోయేది. కొత్తదానికి షిఫ్టులో అందరి సంచులూ తగిలిస్తున్నాం. చీమలు ఎక్కవు, షాఫ్టు వేడికి అన్నం చల్లారదు. పోశాలు ఒక్కడే తగిలించడు. "మా ఇల్లు గోడవతలనే ఉన్నది, పోయి తినొస్త" అంటున్నాడు. ఈ వేర్పాటు ధోరణిపైనా వివరణ కోరాం.
కృతజ్ఞుడు,
నిరంజన్

తా.క.: నీళ్ల బిందె కూడా ఆగుతుందా?

భూపాలపల్లి
నిరంజన్ గారూ,
ఆగదు. మీ ఎన్‌కోడర్లను చంపింది ఆ సంచులే. మిల్లు మొత్తంలో నిర్దోషి పోశాలు ఒక్కడే. అతని నోటీసు రద్దు చేయండి. సంచుల కోసం గోడకు కొట్టుకునే కొక్కేలు ఉచితంగా పంపుతున్నాను.
ఫిర్దౌస్

తా.క.: మొదటి సంచి తగిలించిన మహానుభావుడెవరు?

రఘునాథపల్లి
మహోపకారి ఫిర్దౌస్ గారికి,
నోటీసు రద్దు చేశాం. నిర్దోషిత్వానికి గుర్తింపుగా పోశాలును ఎన్‌కోడర్ సంరక్షకుడిగా నియమించాం. షిఫ్టు ముగిసేదాకా అతడు దాని పక్కనుండి కదలరాదు. కొక్కేలు అందాయి. గోడకు మేకు కొట్టాలంటే యాజమాన్యం అనుమతి కావాలి. అది వచ్చేదాకా ఆ కొక్కేలను పోకుండా ఎన్‌కోడర్‌కే తగిలించాం. మీరడిగిన మహానుభావుడి విషయమై విచారణ సాగుతోంది. విచారణాధికారిని నేనే.

ఇంతలో ఎన్‌కోడర్ ఆగిపోయింది. దయచేసి మరొకటి పంపగలరు.
సదా మీ సహకారం కోరే,
నిరంజన్

తా.క.: సంరక్షకుడు ఇప్పుడు ఇంటికి పోలేడు కనుక అతని భార్య సద్ది పంపుతోంది. "అందరివీ ఆడనే ఉన్నయి గద సార్" అంటూ అతడూ అక్కడే తగిలించాడు. వెంటనే నోటీసు రాయించి, సాక్ష్యంగా సంచులున్నవి ఉన్నట్టే ఫొటో తీయించాం. అన్నింటికంటే అడుగున, రేకును ఆనుకుని ఉన్న సంచి నాది. నోటీసు చించేశాం.