తాళం పెట్టే చోట కుంకుమ

నాయనా,

నువ్వు పోయిన ఏడాదికి మన పాత జీపు జబ్బేమిటో తెలిసింది. కాయిల్ మార్చావు, వైర్లన్నీ కొత్తవి వేయించావు. అయినా నడుస్తూ నడుస్తూ ఆగిపోయేది. మదనపల్లె మార్కెట్ దారిలో ఆగితే నవ్వుతూ తోసేవాడివి. ఏళ్లుగా మాటల్లేని మీ అక్కతో మాట కలపాలని కుప్పానికి బయల్దేరి, పుంగనూరు దగ్గర ఆగితే మాత్రం, "శకునం బాగల్యా. ఎనక్కి పోదాం పా" అనేవాడివి. ప్రతిసారీ అదే మాట.

మొన్న మెకానిక్ మస్తాన్ తాళం స్విచ్ విప్పాడు. ఏటా ఆయుధపూజకు నువ్వు తడిపి పెట్టిన పసుపూ కుంకుమా లోపలికి దిగి, గట్టిపడి, కరెంటుకు అడ్డం పడ్డాయి. "మీ నాయన చెప్పే శకునం ఇదేనప్పా" అన్నాడు మస్తాన్.

ఈరోజు ఎక్కడా ఆగకుండా కుప్పం వెళ్లాను. జీపును చూడగానే అత్త లోపలికి వెళ్లి కుంకుమ భరిణె తెచ్చింది. "మా తమ్ముడి బండి ఇన్నాళ్లకు ఇంటికొచ్చిండాది" అంటూ బానెట్‌కు బొట్టు పెట్టింది. తర్వాత తాళం దగ్గరికి చెయ్యి చాచింది. నేను అరచెయ్యి అడ్డం పెట్టాను.

"యాలరా?" అంది.

నాయనా, చెయ్యి తీసేశాను.