మా ఆయన పోయారు

పింఛను ఆఫీసు గుమాస్తా గారికి నమస్కారాలు.

నా వృద్ధాప్య పింఛను ఆపేశారు. బ్యాంకులో పరిమితికి మించి పొదుపు ఉందట! అందులో నేను వేసింది చిల్లిగవ్వ లేదు. ఆ ఖాతా నాకూ మా ఆయనకూ ఉమ్మడిది. ఆయన పోయారు. పింఛను రాకపోతే నాకు పూట గడవదు. దయచేసి వెంటనే పంపించండి.

ఇట్లు,
దర్జీ గారి భార్య.

తా.క. నాకు ‘తగినంత సొమ్ము’ ఉందని మీరు రాసిన ఉత్తరం మా ఇల్లుగలావిడ చదివింది. అప్పట్నుంచి అద్దె కోసం మెట్ల మీదే కాపు కాస్తోంది.

*

అమ్మా, నమస్తే.

మీరు వేయకపోయినా మీ వారు వేస్తున్నారు. నెలనెలా జమ చీటీ మీద ఆయన సంతకం ఉంది. ఉమ్మడి ఖాతాలో ఉన్నది మీ పొదుపు కిందే లెక్క. అది తగ్గేదాకా పింఛను రాదు. ఆయన ఎక్కడికి పోయారో చెబితే మేమే మాట్లాడతాం.

భవదీయుడు,
పొదుపుల విభాగం గుమాస్తా.

తా.క. ఇల్లు వదిలి పోయి కూడా భార్యకు డబ్బు వేసే మగాణ్ణి నా సర్వీసులో చూడలేదు.

*

గుమాస్తా గారికి,

పోయారంటే నన్ను వదిలేసి పోవడం కాదయ్యా! పైకి పోయారు. నిరుడే. బతికున్నన్నాళ్ళూ రెండో కప్పు కాఫీకి సంజాయిషీ అడిగిన మనిషి, ఇప్పుడు డబ్బు వేస్తారా? ఎవడో దొంగ సంతకం పెడుతున్నాడు. పట్టుకోండి.

ఇట్లు,
దర్జీ గారి భార్య.

తా.క. సంతకం కింద గీత చివర దారం ముడిలాంటిది ఉందా? ఉంటే నాకు చెప్పకండి.

*

అమ్మా,

ముడి ఉంది.

మీరు రాసినట్టే పైకి వెళ్ళి చూశాను. మా పై అంతస్తు ఎప్పుడో మూసేశారు. కాపలాదారు దగ్గర తాళంచెవి తీసుకున్నాను. మీ వారు బెంచీ మీద ఉన్నారు, మెడలో టేపుతో. అక్కడ అందరి బట్టలూ రోజురోజుకీ వదులైపోతున్నాయట. వాటిని బిగించి ఇస్తూ సంపాదిస్తున్నారు. ‘నా వెనక మా ఆవిడకి లోటు రాకూడదు బాబూ’ అన్నారు. ఆ డబ్బు వల్లే మీ పింఛను ఆగిందని చెప్పాను. అసలే పాలిపోయిన మొహం, ఇంకా పాలిపోయింది.

భవదీయుడు,
గుమాస్తా.

తా.క. పైన క్యూ కింద క్యూ కంటే పెద్దది. అందరూ మర్యాదగా జరిగి నాకూ చోటిచ్చారు. నేను కూర్చోలేదు.

*

నాయనా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆ తర్వాత ఒళ్ళు మండింది. ఉన్నప్పుడు ఇవ్వాల్సింది చచ్చాక ఇస్తే ఎలా? వేసిందంతా వెంటనే తీసేయమన్నానని చెప్పండి. ఏడుపొస్తోంది, ఇక రాయలేను.

దర్జీ గారి భార్య.

తా.క. ఆయన నా గురించి అడిగారా?

*

అమ్మా,

అడిగారు.

డబ్బంతా తీసి మీ అద్దె బాకీ కట్టేశారు. ఖాతా ఖాళీ అయింది, మీ పింఛను మంజూరైంది. ఒక్కటే చిక్కు. ‘ఇక నాకు ఇక్కడ పనేముంది’ అంటూ మీ ఇంటికి బయల్దేరారు. మొగుడూ పెళ్ళాలు ఒకే ఇంట్లో ఉంటే, నిబంధన ప్రకారం మీకు సగమే వస్తుంది.

భవదీయుడు,
గుమాస్తా.

తా.క. తలుపు తీయకపోతే పూర్తి పింఛను.

*

నాయనా,

మీ ఉత్తరం చదువుతుండగానే తలుపు చప్పుడైంది. ఎవరని అడిగితే ‘నేనేనే’ అన్నారు. నాలుగు తిట్లు తిట్టి పంపించేద్దామని గడియ తీశాను.

సగమే పంపించండి.

ఇట్లు,
దర్జీ గారి భార్య.

తా.క. ఆయన ఏమీ తినరు, సగం నాకు బాగానే సరిపోతుంది. ఇల్లు మాత్రం కాస్త చల్లగా ఉంటోంది.