బట్టతల పెండ్లికూతురు

తిరుమలగిరి

బంగారు మనవరాలు ప్రణీతకు లింగయ్య తాత దీవెనలు. ఇక్కడ అందరం బాగున్నం. బర్రె ఈనింది, దూడ కూడా బాగుంది.

నా చెవుల సంగతి నీకు తెలిసిందే, ఫోన్ల మాట్లాడుడు అయ్యేది కాదు. అందుకే ఇది రాస్తే సెల్ షాపు దశరథ్ ఫోటో తీసి పంపుతడు. నువ్వు డాక్టరు చదివే దేశం ఎట్లుంటదో చూస్తనంటే, మనీలా టీవీ నా ఫోన్ల పెట్టిచ్చిండు. అందుల ఒక బట్టతల డాక్టరు రోగి కడుపు కోసి బతికున్న కోడిని బయటికి తీసిండు. తెల్లారి అదే మనిషి పోలీసు బట్టల్ల ఉన్నడు. మీ కాలేజీల గసుంటాయన ఉన్నడా? జర ఫికరైతాంది.

నీ తాత

తా.క.: కోడికి ఏం కాలేదు.

మనీలా

తాతకు ప్రణీత దండాలు.

బట్టతల డాక్టరంటే ఆయన మా సారే అయి ఉంటడు. అప్పుడప్పుడు టీవీల ఆరోగ్యం గురించి చెప్తడు. చాలా మంచోడు తాతా. నాకు చెయ్యి పట్టి కుట్లు వేసుడు నేర్పింది ఆయనే. పోలీసోళ్లు కూడా శవపరీక్షకు ఆయన్నే పిలుస్తరు. కోడి మాత్రం నీ కండ్లద్దాల తప్పు, మార్పించుకో.

నీ ప్రణీత

తా.క.: శనివారం సారు పెండ్లి. క్లాసంత పోతున్నం.

తిరుమలగిరి

ప్రణీతకు తాత రాసేది.

అద్దాలు మార్పించిన. పెండ్లి కూడా చూసిన. మీ సారు తెల్లగౌను తొడిగి, ముసుగేసుకొని, పెండ్లికూతురై వచ్చిండు! ఏడ్చుకుంట పోయి కేకు మీద పడ్డడు. ఒక్కరన్నా లేపలేదు.

అసుంటోని దగ్గర నేర్చుకొని రేపు మన దవాఖానల నువ్వు కత్తి పడితే జనం ఏం గావాలె? నా మనవరాలు డాక్టరైతదని మండలమంతా చెప్పుకున్న. ఇప్పుడు చదువు బందు చెయ్యమంటే నాకే ఏడుపొస్తాంది. అయినా బందే. టికెట్ తియ్యమని మీ బాపుకు చెప్పిన.

తాత

తా.క.: అవ్వకు ఇదంతా చెప్పలేదు. గౌను మాత్రం చూపించిన, నచ్చింది.

మనీలా

తాతా, దండం పెడత, టికెట్ ఆపు!

నువ్వు చూసింది మా సారును కాదు. అది ఇక్కడోళ్ల తగాలోగ్ భాషల వచ్చే నవ్వుల ప్రోగ్రాం. చిన్న చిన్న స్కిట్లు వేస్తరు. ఆ బట్టతలాయన నటుడు. మన ఊరికి పగటేషగాళ్లు వస్తుండె అంటవు గద, ఒక్కడే ఇయ్యాల పోలీసు, రేపు దేవుడు. అట్లనే ఇదీ. పక్కన జనం పడిపడి నవ్వుతుంటరు, నీకు అది వినపడలేదు. ఇంకా రెండేండ్లే తాతా, నన్ను చదువుకోనియ్యి.

నీ ప్రణీత

తా.క.: మా కాలేజోళ్లు ఎవ్వరూ ఆ ప్రోగ్రాం దిక్కు కూడా పోరు. ఒట్టు.

తిరుమలగిరి

ప్రణీతకు తాత దీవెనలు.

టికెట్ ఆపించిన. మంచిగ చదువుకో. పగటేషమని ముందే చెప్తే ఇంత రంది ఉండకపోవు. చిన్నప్పుడు పోలీసు వేషం చూసి గడ్డివాములో దాక్కున్నోన్ని నేను. వాళ్లు ఊరంతా ఆడి, కడపటి రోజు వేషం తీసి సొంత మొహాలతో వాకిట్ల నిలబడేటోళ్లు. మా నాయిన చాటెడు వడ్లు పోసేటోడు. నవ్వించినోన్ని ఉత్తచేతుల పంపొద్దు. మన నాగేందర్ బిడ్డ హరిత అక్కడికే చదువుకు వస్తాంది. ఆమెతోని సంచెడు బియ్యం పంపుతున్న, బట్టతలాయనకు చేర్చు.

నీ తాత

తా.క.: దశరథ్‌తోని ఆ పెండ్లి మళ్ల పెట్టిచ్చుకొని నిమ్మలంగ చూసిన. వెనుక ముసుగు అంచు పట్టుకున్న పిల్ల కుడికాలితో ఎడమకాలు గోక్కుంటాంది. బడిల ప్రార్థనప్పుడు ఇట్లనే గోక్కొని దెబ్బలు తిన్న పిల్ల నాకు ఒక్కతే తెలుసు. ఆమె వాటా సకినాలు అవ్వ వేరే మూట కట్టింది. సొంత మొహంతో ఒక ఉత్తరం రాస్తేనే హరిత చేతికిస్త.